అద్దె భయంతో వీగిన సమ్మె.. అక్కడే పుట్టిన అమ్మాయిల ఫ్లాట్! 130 ఏళ్ల కిందట షికాగోలో ఏం జరిగింది?

బెంగళూరులో ముగ్గురు నలుగురు అమ్మాయిలు కలిసి ఫ్లాట్ తీసుకుని ఉద్యోగాలు చేసుకోవడం ఇప్పుడు మామూలే. ఖర్చు తగ్గుతుందని చేసే పనిగానే అందరూ చూస్తారు. కానీ ఈ పద్ధతి మొదలైన రోజుల్లో లెక్క వేరే. జీతం కోసం యజమానితో పోరాడే అమ్మాయిలు తలమీద కప్పు పోకుండా కాపాడుకోవడానికి వేసిన ప్లాన్ ఇది.

ఆదివారం సాయంత్రం కుప్పం రైల్వే స్టేషన్‌కి వెళ్తే ఒక సీన్ కనిపిస్తుంది. భుజాన బ్యాగు, చేతిలో అమ్మ కట్టిచ్చిన పచ్చడి సీసా, చెవిలో ఇయర్‌ఫోన్స్. బెంగళూరు రైలు కోసం నిలబడ్డ అమ్మాయిలు. మదనపల్లె బస్టాండ్‌లో, పుంగనూరు బస్టాండ్‌లో కూడా ఇదే సీన్. సోమవారం పొద్దున్నే షిఫ్ట్. ఒకరు ఆసుపత్రిలో నర్సు, ఒకరు కాల్ సెంటర్, ఒకరు ఐటీ కంపెనీ, ఇంకొకరు గార్మెంట్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్.

బెంగళూరు చేరాక వాళ్లు వెళ్లేది పీజీకి, లేదంటే నలుగురూ కలిసి తీసుకున్న ఫ్లాట్‌కి. అద్దె నాలుగు భాగాలు, కరెంట్ బిల్లు నాలుగు భాగాలు, గ్యాస్ సిలిండర్ ఒక నెల ఒకరు. నెల మొదట్లో ఫోన్‌పేలో లెక్క తేలిపోతుంది.

ఇదంతా మన కాలంలోనే వచ్చిందని చాలామంది అనుకుంటారు. కానీ ఇలాంటి ఫ్లాట్లు 1890ల నాటికే ఉన్నాయి. అందులో బాగా పేరొచ్చింది షికాగోలో. 1893లో స్వామి వివేకానంద ప్రసంగించిన షికాగోనే. 1886లో కార్మికుల ఆందోళనతో మే డేకి పేరు తెచ్చిన షికాగోనే.

అమ్మాయిలు ఎందుకు సిటీకి వచ్చారు?

1870ల నుంచి అమెరికా, ఇంగ్లండ్ నగరాల్లో కొత్త ఉద్యోగాలు పుట్టాయి. టైప్‌రైటర్ మార్కెట్లోకి వచ్చింది. 1878లో బోస్టన్‌లో ఎమ్మా నట్ అనే మహిళ టెలిఫోన్ ఆపరేటర్‌గా చేరింది. ఆ ఉద్యోగంలో చేరిన తొలి మహిళ ఆమే. ఆ తర్వాత అది ఆడవాళ్ల ఉద్యోగంగానే మారిపోయింది. పెద్ద బట్టల షాపులకు సేల్స్ గర్ల్స్ కావాలి. బూట్ల ఫ్యాక్టరీలకు, పుస్తకాల బైండింగ్ షాపులకు, కుట్టు పనికి చేతులు కావాలి.

పల్లెల నుంచి, చిన్న టౌన్ల నుంచి అమ్మాయిలు రైలెక్కారు. ఉద్యోగం దొరికింది. ఉండటానికి చోటే కష్టమైంది.

ఇల్లు విడిచి ఒంటరిగా ఉండే ఇలాంటి అమ్మాయిలను అప్పటి పెద్దమనుషులు 'దిక్కు లేకుండా కొట్టుకుపోయేవాళ్లు' అనే అర్థం వచ్చే మాటతో పిలిచేవారు. పని చేసి, జీతం తెచ్చుకుని, ఇంటికి కూడా డబ్బు పంపే అమ్మాయికి పెట్టిన పేరు అది!

జీతం ఎంత? అసలు చిక్కు ఇక్కడే

1888లో అమెరికా ప్రభుత్వ కార్మిక శాఖ ఒక పెద్ద సర్వే చేసింది. 22 నగరాల్లో 17,427 మంది పనిచేసే మహిళలను కలిసి వివరాలు రాసుకుంది. సగటు వారం సంపాదన 5 డాలర్ల 24 సెంట్లు అని తేలింది.

ఆ సర్వేలోనే ఇంకో లెక్క ఉంది. వాళ్లలో 14,918 మంది తమ ఇంట్లోనే ఉంటున్నారు. బయట అద్దెకు, భోజనానికి డబ్బు కట్టి ఉంటున్నవాళ్లు 2,509 మందే.

అంటే ఏంటి? ప్రతి ఏడుగురిలో ఆరుగురికి వెనకాల ఇల్లుంది. యజమానులు జీతం లెక్క కట్టింది కూడా అలాగే. ఆడపిల్లకు తండ్రో అన్నో తిండి పెడతారు, ఈ జీతం పైఖర్చులకే కదా అనే ఆలోచన. మిగిలిన ఆ ఒక్కరికి మాత్రం అదే జీతంలో అద్దె, తిండి, బట్టలు, బొగ్గు, మందులు అన్నీ గడవాలి. జీతం పెరిగేది లేదు. ఖర్చు తగ్గించుకోవడం ఒక్కటే దారి.

కోటీశ్వరుడు కట్టించిన హోటల్.. రెండు నెలలు కూడా నడవలేదు

ఈ కష్టం తీర్చడానికి ముందుకొచ్చిన ధనవంతులూ ఉన్నారు. న్యూయార్క్‌లో అలెగ్జాండర్ స్టీవర్ట్ అనే బట్టల వ్యాపారి పనిచేసే మహిళల కోసం ఒక పెద్ద హోటల్ మొదలుపెట్టాడు. అది పూర్తికాకుండానే 1876లో చనిపోయాడు. 1878 ఏప్రిల్‌లో హోటల్ తెరిచారు. గదులు బాగున్నాయి, హాళ్లు బాగున్నాయి. మరి ఏమైంది?

అద్దె వారానికి ఆరు డాలర్లు, అంతకు పైన. చాలామంది అమ్మాయిలకు వారం జీతమే అంత రాదు. దానికి తోడు రూల్స్. గదిలోకి ఎవరూ రాకూడదు. సొంత సామాను పెట్టుకోకూడదు. కుట్టుమిషన్ వద్దు, పెంపుడు జంతువులు వద్దు. కుట్టు పని చేసుకుని బతికే అమ్మాయికి కుట్టుమిషన్ వద్దంటే ఎలా?

గదులు నిండలేదు. రెండు నెలలు కూడా కాకముందే మూసేశారు. దాన్ని మామూలు హోటల్‌గా మార్చేశారు. 'ఆడవాళ్లు కలిసి ఉండలేరు, అందుకే ఫెయిల్ అయింది' అని తప్పు అమ్మాయిల మీదకే నెట్టారు. ఏం కావాలని వాళ్లను ముందే అడిగినవాళ్లు లేరు.

సమ్మెలో ముందుగా లొంగిపోయింది ఎవరు?

ఇప్పుడు షికాగోకి వద్దాం. 1889లో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ అనే ఇద్దరు మహిళలు పేద కార్మికుల బస్తీలో హల్ హౌస్ అనే సేవా కేంద్రం తెరిచారు. జేన్ ఆడమ్స్‌కు ఆ తర్వాత 1931లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

ఒక పెద్ద బూట్ల ఫ్యాక్టరీలో సమ్మె నడుస్తున్న రోజులవి. సమ్మెలో ఉన్న అమ్మాయిలు హల్ హౌస్‌లో మీటింగ్ పెట్టుకున్నారు. ఎవరెవరు భయపడి ముందే పనిలోకి వెళ్లిపోయారో మాట్లాడుకుంటుంటే ఒక సంగతి బయటపడింది. ముందుగా లొంగిపోయింది బయట అద్దెకు ఉంటున్న అమ్మాయిలే. తల్లిదండ్రుల దగ్గర ఉన్నవాళ్లు రెండు వారాలు జీతం లేకపోయినా నెట్టుకొస్తారు. అద్దెకు ఉన్న అమ్మాయికి బాకీ పెరిగితే ఇంటావిడ పెట్టె తీసి బయట పెడుతుంది. ఆ భయంతోనే వాళ్లు వెనక్కి వెళ్లారు.

ఫ్యాక్టరీ ఓనర్ బెదిరించాల్సిన అవసరమే రాలేదు. అద్దె బాకీ ఆ పని చేసిపెట్టింది.

ఆ మీటింగ్‌లోనే ఒక అమ్మాయి అడిగింది.. మనకంటూ ఒక ఇల్లు ఉంటే, ఇలాంటప్పుడు ఒకరికొకరం నిలబడొచ్చు కదా అని. ఆ ఒక్క ప్రశ్న నుంచే 'జేన్ క్లబ్' పుట్టింది. జేన్ ఆడమ్స్ పేరే పెట్టుకున్నారు.

జేన్ క్లబ్ ఎలా నడిచింది?

తొందరపడలేదు. సహకార సంఘాల మీద ఇంగ్లండ్‌లో బియాట్రిస్ పాటర్ రాసిన చిన్న పుస్తకాన్ని ముందు కలిసి చదువుకున్నారు. లాభనష్టాలు మాట్లాడుకున్నారు. 1890ల మొదట్లో ఒక మే 1న హల్ హౌస్ పక్కనే ఫ్లాట్ అద్దెకు తీసుకున్నారు. ముందుండి నడిపించినవాళ్లలో మేరీ కెన్నీ ఒకరు. పుస్తకాల బైండింగ్ చేసే కార్మికురాలు. 1892లో అమెరికా కార్మిక సమాఖ్య నియమించిన తొలి మహిళా ఆర్గనైజర్ కూడా ఆమే.

హల్ హౌస్ ఇచ్చింది రెండే.. సామాను, మొదటి నెల అద్దె. ఆ తర్వాత అంతా అమ్మాయిలదే బాధ్యత.

రూల్స్ ఇలా ఉండేవి. ఒక్కొక్కరూ వారానికి 3 డాలర్లు కట్టాలి. అద్దె, తిండి, పనివాళ్ల జీతం, చలికాలం బొగ్గు, దీపాల ఖర్చు అన్నీ అందులోనే. తక్కువ పడితే అప్పుడప్పుడు చిన్న మొత్తం అదనంగా వేసుకునేవారు. ఉద్యోగానికి అడ్డం రానంత వరకు ఇంటి పని పంచుకోవాలి.

ముఖ్యమైన పాయింట్ ఇదే.. వార్డెన్ లేదు. బయటివాళ్ల పెత్తనం లేదు. డబ్బు చూసుకునే ట్రెజరర్‌ని, సరుకులూ వంటా చూసుకునే మేనేజర్‌ని తమలో నుంచే ఎన్నుకునేవారు. ఆరు నెలల పదవి, జీతం లేదు. పగలంతా ఫ్యాక్టరీలో పని చేసి, రాత్రి కూర్చుని యాభై మంది లెక్కలు రాయడం మామూలు విషయం కాదు. అయినా చేశారు.

మొదట ఉన్నది ఏడుగురు. మూడేళ్లలో యాభై మంది అయ్యారు. ఆ బిల్డింగ్‌లోని ఐదారు ఫ్లాట్లూ వాళ్ల చేతికే వచ్చాయి. నెలకోసారి స్నేహితులను పిలిచి పార్టీ కూడా చేసుకునేవారు.

'ఆడవాళ్లు నడిపినవి ఒక్కటీ నిలబడలేదు' అన్న ఆఫీసర్

క్లబ్‌కు రెండేళ్లు నిండినప్పుడు అమెరికా కార్మిక శాఖ అధిపతి చూడటానికి వచ్చాడు. దేశమంతా ఎన్నో సహకార సంఘాలను పరిశీలించామని, ఆడవాళ్లు పెట్టి ఆడవాళ్లే నడిపినవాటిలో ఒక్కటి కూడా నిలబడలేదని చెప్పాడు. ఆయన ఆ మాట అన్నది నడుస్తున్న క్లబ్‌లో నిలబడే!

ఇంకో పరీక్ష కూడా ఎదురైంది. పాత ఫ్లాట్లు ఇరుకయ్యాయి. సొంత బిల్డింగ్ కట్టుకోవాలి. అంతలో ఒక పెద్దమనిషి 20,000 డాలర్లు ఇస్తానని కబురు పంపాడు. అప్పట్లో అది చాలా పెద్ద మొత్తం. పేరు చూస్తే ఆయన తన దగ్గర పనిచేసే అమ్మాయిలకు అతి తక్కువ జీతాలు ఇస్తాడని ఊరంతా తెలిసిన వ్యాపారి. అమ్మాయిల కడుపు కొట్టి కూడబెట్టిన డబ్బుతో అమ్మాయిలకే ఇల్లు కడితే ఏం బాగుంటుంది? హల్ హౌస్ వద్దనేసింది. కొత్త బిల్డింగ్ 1898లో వచ్చింది, వేరే డబ్బుతో.

లండన్‌లోనూ దాదాపు అదే సమయంలో ఇలాంటి ఇళ్లు వచ్చాయి. 1889లో చెనీస్ స్ట్రీట్‌లో మహిళల కోసమే ఫ్లాట్లు కట్టారు. ఎవరి గదులు వాళ్లవి, భోజనాల హాలు మాత్రం అందరికీ ఒకటే. కాకపోతే అవి చదువుకుని, కాస్త మంచి జీతం వచ్చే ఉద్యోగినుల కోసం. ఫ్యాక్టరీ అమ్మాయికి అందేవి కావు.

అందరికీ తలుపు తెరుచుకుందా?

లేదు. ఈ కథలో చీకటి వైపు ఇది. అమెరికాలో పనిచేసే అమ్మాయిల కోసం నడిచిన చాలా హాస్టళ్లు నల్లజాతి అమ్మాయిలను రానిచ్చేవి కావు. షికాగోలో నల్లజాతి మహిళలు తమ సంఘం ద్వారా డబ్బు కూడబెట్టుకుని 1908లో ఫిలిస్ వీట్లీ హోమ్ తెరిచాకే ఆ నగరానికి వచ్చిన నల్లజాతి అమ్మాయిలకు ఒక చోటు దొరికింది.

ఇల్లు వెతుక్కునే మన అమ్మాయిలకు ఇది కొత్తగా అనిపించదు. 'మీరేంవాళ్లు?', 'వెజ్జా, నాన్‌వెజ్జా?', 'పెళ్లి కాలేదా?' అని ఓనర్లు అడిగే ప్రశ్నలు ఇప్పటికీ ఉన్నాయి. జీతం స్లిప్ కంటే ముందు కులం, మతం చూసే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

అదే సమయంలో మన దగ్గర పరిస్థితి ఏంటి?

షికాగోలో ఆ ఫ్లాట్ మొదలైన రోజుల్లో మన దేశంలో ఏం జరుగుతోంది? 1891లో ఆడపిల్లల సమ్మతి వయసును 10 నుంచి 12 ఏళ్లకు పెంచుతూ బ్రిటిష్ ప్రభుత్వం చట్టం తెచ్చింది. దానికే దేశమంతా పెద్ద గొడవ అయింది. 1892లో విజయనగరంలో గురజాడ 'కన్యాశుల్కం' మొదటిసారి వేశారు. పసిపిల్లలను ముసలివాళ్లకు అమ్మే రోజులవి.

అప్పట్లో మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. పుంగనూరు జమీందారీ, కుప్పం ఉన్న కంగుంది జమీందారీ ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. ఈ ప్రాంతాలు చిత్తూరు జిల్లాలోకి వచ్చింది 1911లో, ఆ జిల్లా ఏర్పడ్డాకే.

కుప్పం మీదుగా వెళ్లే జోలార్‌పేట - బెంగళూరు రైలు మార్గం 1864లోనే వచ్చేసింది. పక్కనే కోలారు బంగారు గనులు 1880లలో ఊపందుకున్నాయి. ఈ చుట్టుపక్కల జిల్లాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే కూలికి వెళ్లి లైన్ ఇళ్లలో కాపురం ఉన్నాయి. ఆడవాళ్లు పొలంలో, గని బయట పనిచేస్తూనే ఉన్నారు. కానీ పెళ్లికాని అమ్మాయి ఒక్కతే ఆ రైలెక్కి ఉద్యోగానికి వెళ్లి, స్నేహితులతో గది తీసుకోవడం ఊహకు కూడా అందని విషయం. రైలు వచ్చేసింది.. అమ్మాయికి టికెట్ దొరకడానికే తరాలు పట్టింది.

మన తెలుగు నేల మీద ఆ రోజుల్లో ఒంటరిగా ఉద్యోగం చేసుకుంటూ కనిపించిన మహిళలు ఎక్కువగా మిషనరీ డాక్టర్లు, టీచర్లు. 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ అలాంటివారే. ఆమె కష్టంతో 1898లో అక్కడ ఆసుపత్రి లేచింది. మదనపల్లెలో 1911లో మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి వచ్చింది. ఆ తర్వాత ఆరోగ్యవరం టీబీ శానిటోరియం వచ్చింది. నర్సు ఉద్యోగం, దాంతోపాటు ఉండటానికి క్వార్టర్స్.. మన ఆడపిల్లలు ఇంటికి దూరంగా ఉండి జీతం తీసుకోవడానికి దారి చూపింది ఇలాంటి ఆసుపత్రులే.

1915లో అనీబిసెంట్ మదనపల్లెలో కాలేజీ పెట్టారు. ఆ కాలేజీలోనే 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ జనగణమనకు ఇంగ్లిష్ అనువాదం రాశారన్నది అందరికీ తెలిసిన సంగతి. ఆ పాట స్వరాలను రాసి పెట్టిన మార్గరెట్ కజిన్స్ 1927లో అఖిల భారత మహిళా సదస్సు ఏర్పాటుకు ముందు నిలిచారు.

స్వతంత్రం వచ్చాక 1972-73లో కేంద్ర ప్రభుత్వం ఉద్యోగినుల హాస్టళ్ల పథకం మొదలుపెట్టింది. ఇప్పుడు దాని పేరు 'సఖి నివాస్'. కానీ ఉద్యోగాలకు వెళ్లే అమ్మాయిల సంఖ్యతో పోలిస్తే ఆ హాస్టళ్లు సరిపోవు. అందుకే పీజీలు, షేరింగ్ ఫ్లాట్లు.

ఇప్పటి ఫ్లాట్‌కీ అప్పటి ఫ్లాట్‌కీ లింక్ ఏంటి?

బెంగళూరులో ఉద్యోగం సడన్‌గా పోయిందనుకుందాం. ఒక్కరే అద్దె కట్టే అమ్మాయి ముందు రెండే దారులు. దొరికిన జీతానికి ఏదో ఒక పనిలో చేరిపోవడం, లేదంటే సామాను సర్దుకుని ఊరెళ్లిపోవడం. ఊరెళ్తే పెళ్లి సంబంధాలు రెడీగా ఉంటాయి. 'చేసింది చాల్లే' అనే మాట కూడా రెడీగా ఉంటుంది.

అదే ఫ్లాట్‌లో నలుగురు ఉంటే? 'ఈ నెల నీ వాటా మేం వేస్తాం, జాబ్ వచ్చాక ఇద్దువులే' అనే మాట ఒక్కటి చాలు. ఆ ఒక్క నెలలో ఇంకో ఇంటర్వ్యూకి వెళ్లొచ్చు. తక్కువ జీతానికి వద్దని చెప్పొచ్చు. వేధించే బాస్ మీద కంప్లయింట్ ఇచ్చి ధైర్యంగా నిలబడొచ్చు. షికాగోలో బూట్ల ఫ్యాక్టరీ అమ్మాయిలు కోరుకున్నది కూడా ఈ ఒక్క నెల ఊపిరే.

అయితే ఫ్లాట్ రూల్స్ ఎవరు పెడుతున్నారన్నది కూడా ముఖ్యమే. రాత్రి తొమ్మిదికి గేటు వేసేసే పీజీలో నైట్ షిఫ్ట్ నర్సు ఎలా ఉంటుంది? స్టీవర్ట్ హోటల్ మూతపడింది, జేన్ క్లబ్ నిలబడింది.. తేడా అంతా అక్కడే ఉంది.

షేరింగ్ ఫ్లాట్ తీసుకుంటున్నారా? ఇవి చూసుకోండి

1. అగ్రిమెంట్‌లో అందరి పేర్లూ ఉండాలి. ఒక్కరి పేరు మీదే ఉంటే గొడవ వచ్చినప్పుడు మిగతావాళ్లకు కాగితం బలం ఉండదు.

2. అడ్వాన్స్‌లో ఎవరి వాటా ఎంతో రాసి పెట్టుకోండి. మధ్యలో ఒకరు వెళ్లిపోతే ఆ డబ్బు ఓనర్ ఇస్తాడా, కొత్తగా వచ్చే అమ్మాయి ఇస్తుందా అన్నది ముందే తేల్చుకోండి. ఇళ్లకు రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్స్ వద్దని 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం చెబుతోంది. కానీ రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అది వర్తిస్తుంది.

3. అగ్రిమెంట్ 11 నెలలకే ఎందుకు రాస్తారంటే, ఏడాదికి మించిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి. ఖాళీ చేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలో అందులో ఉందో లేదో చూడండి.

4. జేన్ క్లబ్ లాగే ఒక ట్రెజరర్‌ని పెట్టుకోండి. కొన్ని నెలలకోసారి మార్చుకోండి. లెక్క ఒక్కరి నెత్తిన పడితే స్నేహం చెడుతుంది.

5. నెలకు కొంచెం చొప్పున అత్యవసర నిధి వేసుకోండి. ఒకరికి జాబ్ పోయినా, జబ్బు చేసినా ఒక నెల అద్దె అందులోంచి రావాలి.

6. ఇబ్బంది వస్తే 112కి, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయొచ్చు. ఈ నంబర్లు ఫ్రిజ్ మీద అంటించి పెట్టుకోండి.

షికాగో అమ్మాయిలకు ఫోన్‌పే లేదు, వాట్సాప్ గ్రూప్ లేదు. వారానికి ఐదు డాలర్ల జీతం, దాంట్లోంచి మూడు డాలర్ల వాటా, లెక్కలు రాసుకునే ఒక నోటు పుస్తకం.. వాళ్ల దగ్గర ఉన్నవి ఇవే. ఇంట్లో ఒకరికి కష్టం వస్తే మిగతావాళ్లు అద్దె కడతారనే నమ్మకంతో ఆ ఇల్లు నిలబడింది. ఆదివారం సాయంత్రం కుప్పంలో రైలెక్కే అమ్మాయికీ బెంగళూరులో అలాంటి ఫ్లాట్ ఒకటి ఉంటే, సోమవారం ఆఫీసులో కాస్త గట్టిగానే మాట్లాడగలుగుతుంది.